మా దిబ్బ అరిగించుకోలేని కంచాలు

శెనక్కాయ చేలో కలుపు తీస్తా ఉంటే నా తొలికె మొనకు ఒక ఆకు తగులుకుంది. కలుపాకు కాదు, శెనక్కాయాకూ కాదు. పల్చటి ప్లాస్టిక్ పొర మీద అచ్చేసిన ఆకు బొమ్మ. మట్టి దులిపి ఎండకు పట్టి చూస్తే, బొమ్మ కింద కన్నడంలో ఉన్న అక్షరాలు కూడా చెక్కుచెదరలేదు. ‘మట్టిలో పుట్టాను, మట్టిలో కలుస్తాను.’

కలవలేదు. ఏడాది దాటినా కలవలేదు. పైగా నన్ను చూసి పచ్చగా నవ్వింది.

దాన్ని చూడగానే గుర్తుపట్టినాను. ఎందుకంటే డబ్బులిచ్చి కొనుక్కొచ్చింది నేనే. మా కొత్తింటి గృహప్రవేశానికి మా యారాలు, అంటే మా బావగారి భార్య, మోదుగాకు విస్తళ్లు కుట్టిస్తానని అడిగింది. ఆ పని ఆమెకు చిన్నప్పటి నుంచీ చేతిలో ఉన్న పని. నేనే వద్దన్నాను. తుమకూరు నుంచి చుట్టాలొస్తున్నారు, ఇంకా ఆకుల్లో పెడితే ఏం బాగుంటుంది అని పావగడ అంగడికి పోయి కంచాల ప్యాకెట్లు తెచ్చినాను. ఊరికే తెచ్చినానా? అంగట్లో నిలబడి ప్యాకెట్టు మీద ‘పరిసర స్నేహి’, అంటే పర్యావరణానికి చెరుపు చేయనిది, అని చదివి, నా అంత బాధ్యత గల మనిషి ఈ తాలూకాలో లేదనుకుని మరీ తెచ్చినాను. బీఏ చదివినదాన్ని. ఉప్పు ప్యాకెట్టు నుంచి ఎలక్షన్ కరపత్రం వరకు తప్పులు పట్టేదాన్ని. ఆకు బొమ్మ చూసి బోల్తా పడినాను.

భోజనాలయినాక జరిగింది మా వైపు ఎవరైనా చేసే పనే. తిన్న విస్తళ్లు ఎత్తి దిబ్బలో వేసినారు. మాకు విస్తరి అంటే దిబ్బలోకి పోయేదే. పేడ, కసువు, విస్తళ్లు అన్నీ కలిసి అక్కడ మగ్గి, ఎండాకాలం చివర ఎరువై చేనికి పోతాయి. కొత్త కంచాలను కూడా విస్తళ్లే అనుకున్నారు. వేసినవాళ్ల తప్పేముంది, కంచమే ఒట్టు పెట్టి చెప్తా ఉంటే! మరుసటి ఏడు ట్రాక్టరుతో ఎరువు తోలించి చల్లించినాము. కాగితం మటుకు కుళ్లింది. పొర మటుకు చేను చేరింది. పొర పడిన చోటల్లా మొలక దారి దొరక్క పక్కకు వంగి, పాలిపోయి బయటికొచ్చింది.

గట్టు మీద కూర్చుని వక్కాకు నములుతున్న మా అక్క (యారాల్ని నేను అక్కా అనే పిలుస్తాను) ఇదంతా చూసి పొట్ట పట్టుకుని నవ్వింది.

“ఏమ్మే, గృహప్రవేశం కంచాలు బలే మొలకెత్తినాయే. ఎకరాకు ఎన్ని కాస్తాయి?”

“నవ్వక్కా, నవ్వు. నీకీ దినం పండగ.”

“పండగే మరి. చదివిన కోడలు కంచాల సేద్యం చేస్తాంది.”

మధ్యాహ్నం దాకా వంగి ఏరినాను. ఉప్పు, పులుసు వాసన పట్టిన ఆ పొరలు తిన్నాయంటే గొర్రెలు బతకవు. పంట ఎత్తినాక చేలో మంద దిగేలోపు ఒక్క ముక్క మిగలకూడదు. గంపెడు ఏరినాను. అన్నిటికన్నా పెద్ద ముక్కను, బొమ్మా అక్షరాలూ ఉన్నదాన్ని, కడిగి ఆరబెట్టి బీరువాలో పట్టుచీరల కింద దాచినాను. ఎందుకని మా ఆయన అడిగితే, “నా తెలివితక్కువకు సర్టిఫికెట్టు” అన్నాను.

ఆ సర్టిఫికెట్టు అంత తొందరగా పనికొస్తుందని నేననుకోలేదు.

మా భూములు చాలా వరకు సోలారు పలకల కిందికి గుత్తకు పోయినాయి. మిగిలింది ఇంటికో చిన్న చేను. అక్కకు మోకాళ్లు అరిగినాయి. పలకల కింద గడ్డి పీకే పనికి ఒక వారం పోయి, రెండు వారాలు మంచం మీద పడింది. కూర్చుని చేయగలిగిన పని ఒక్కటే, విస్తళ్లు కుట్టడం. ఇంకో ముగ్గురు ఆడవాళ్లను కలుపుకుని, బలసముద్రం పక్కన ప్లాంటు క్యాంటీనుకు కుట్టి ఇచ్చేది. పొద్దున కట్టలు పోయేవి. సాయంత్రం అదే ఆటోలో తిన్న విస్తళ్లు గోనెసంచుల్లో తిరిగొచ్చి అక్క దిబ్బలో పడేవి. క్యాంటీనుకు చెత్త బాధ లేదు, అక్క చేనికి ఎరువు కొదవ లేదు.

ఒక పొద్దున పోయిన కట్టలు పోయినట్టే తిరిగొచ్చినాయి. అక్క వాటిని మా వాకిట్లో దించి, గోడకు ఆనుకుని కూర్చుంది.

“ఇంక విస్తళ్లు వద్దంట.”

“ఎందుకంట?”

“పరిసర స్నేహి కంచాలు వస్తాండాయంట. ఆకు బొమ్మ ఉంటాదంట.” వక్కాకు నమలడం కూడా మానేసింది. “నేను మళ్లా గడ్డి పీకను పోవాల్సిందే మే. మోకాళ్లు యాడ ఒప్పుకుంటాయి?”

ఆమె గొంతులో ఎగతాళి లేకపోవడం పెండ్లయినప్పటి నుంచీ నేను వినడం అదే మొదలు. ఆ గొంతు నాకు నచ్చలేదు. బీరువా తీసినాను.

మేము క్యాంటీనుకు చేరేసరికి ఎండ నడినెత్తిన ఉంది. సూపర్‌వైజరు అనంతపురం వైపు మనిషి, మెతక మనిషి, ఎవరు చివర మాట్లాడితే వాళ్ల మాటకు తలూపే రకం. ఆయన ముందు ఇస్త్రీ చొక్కా ఏజెంటు కుర్చీ వేసుకుని కూర్చుని, బల్ల మీద కంచాలు పేర్చి ఉన్నాడు. అదే ఆకు. అదే పచ్చ. నా కడుపు చల్లబడింది. వేరే కంపెనీ కంచాలై ఉంటే నా వాదన సగం చచ్చేది.

“రండమ్మా,” అన్నాడు సూపర్‌వైజరు కొంచెం ఇబ్బందిగా. “ముందే చెప్పినా కదా అక్కయ్యకు. పైనుంచి ఆర్డరు. మనది సోలారు ప్లాంటు, అన్నీ గ్రీన్‌గా ఉండాలంట.”

“చెట్టు ఆకు ఏ రంగులో ఉండాది సార్?” అన్నాను.

ఏజెంటు నవ్వినాడు. “అక్కా, ఇది హండ్రెడ్ పర్సెంట్ ఎకో ఫ్రెండ్లీ. ప్రపంచమంతా దీంట్లోకి వస్తాంది.”

“ప్రపంచం సంగతి పక్కన పెట్టప్పా. ఇది దేంతో చేసినారు?”

“నేచురల్ మెటీరియలక్కా.”

“బొగ్గు నేచురలే. పాము విషం నేచురలే. నేనడిగింది పేరు.”

“పేపరక్కా.”

“కాగితంలో సాంబారు పోస్తే కారాల. ఇది ఎందుకు కారదు?”

“కోటింగ్ ఉంటాది కదక్కా.”

“ఆ కోటింగుకు పేరు లేదా? తల్లీదండ్రీ లేరా దానికి?”

మా అక్క వెనక నుంచి దగ్గింది. ఆమె దగ్గును నేనెరుగుదును, అది నవ్వు.

ప్యాకెట్టు చేతికి తీసుకుని కళ్లద్దాలు పెట్టుకున్నాను. మొదటిసారి అంగట్లో నేను చేయని పని అదే. పెద్ద అక్షరాలు చదివి ఇంటికొచ్చినాను. ఈసారి పెద్ద అక్షరాలు వదిలేసి చిన్నవి వెతికినాను. నూరు శాతం అన్న అంకె భుజం మీద చీమంత నక్షత్రం గుర్తుంది. ఆ నక్షత్రం జోడీ కోసం ప్యాకెట్టంతా తిప్పినాను. అడుగున అతుకు మడతలో ఇంగ్లీషులో దొరికింది. గట్టిగా చదివి, అందరికీ తెలుగులో చెప్పినాను.

“ఈడ ఏముందో వినండి సార్. ఈ మాట కాగితపు భాగానికి మాత్రమే వర్తిస్తుంది. అది కూడా పారిశ్రామిక కంపోస్టు కేంద్రంలో వేస్తేనే. ఏమప్పా, ఆ కేంద్రం యాడుండాది? పావగడలో ఉండాదా?”

“బెంగళూరులో ఉండొచ్చక్కా.”

“ఉండొచ్చా! అంటే రోజూ ఈ ఎంగిలి కంచాలను బస్సెక్కించి బెంగళూరుకు పంపాల. టికెట్టు నువ్వు తీస్తావా?”

అన్నం తింటున్న కూలీలు చేతులాపి మా వైపు తిరిగినారు. సూపర్‌వైజరు గొంతు సవరించుకున్నాడు. “అమ్మా, చిన్న చిన్న అక్షరాలు అన్నిటి మీదా ఉంటాయి. ఆడిట్‌కు సర్టిఫికెట్టు కావాల. మీ విస్తరాకుకు సర్టిఫికెట్టు లేదే.”

“సర్టిఫికెట్టు నేను తెచ్చినా సార్.”

సంచిలోంచి పొర తీసి బల్ల మీద పరిచినాను. కొత్త కంచం పక్కన పాత పొర. ఆకుకు ఆకు, అక్షరానికి అక్షరం. “ఇది మా దిబ్బలో ఏడాది పైగా పండుకుని, మా చేలో లేచింది. మట్టిలో కలుస్తానని దీనంతట ఇదే చెప్తాంది, చూడండి, ఇంకా చెప్తానే ఉండాది.”

ఏజెంటు ముఖం మారింది కానీ నోరు మారలేదు. “అది పాత బ్యాచక్కా. ఇప్పుడు టెక్నాలజీ మారింది.”

“మంచిది. వేడినీళ్లు తెప్పించండి సార్.”

గిన్నె నిండా వేడినీళ్లు వచ్చినాయి. అతని చేత్తోనే కంచం అంచు చింపించి అందులో వేయించినాను. కూలీలు లేచి చుట్టూ మూగినారు. కాసేపటికి కాగితం పిండిలా విడిపోయింది. అక్క చేయి పెట్టి అంచు పట్టుకుని లాగింది. పొర పొరగా, ఒక్కటిగా, ఆకు బొమ్మతో సహా పైకొచ్చింది. కోడిని ఒలిచినంత సుళువుగా ఒలిచి, సూపర్‌వైజరు ముందు నీళ్లు కారుతుండగా పట్టుకుంది.

“ఇదేనా సార్ మారిన టెక్నాలజీ?” అంది అక్క. అంతవరకూ నోరెత్తనిది.

అప్పుడు నేను అడిగిన చివరి ప్రశ్న ముందే అనుకున్నది కాదు. అతని చేతులు చూసి అడిగినాను. ఇస్త్రీ చొక్కాలోంచి బయటికొచ్చిన ఆ చేతుల మీద కొడవలి కోసిన పాత మచ్చలున్నాయి.

“మీది ఏ ఊరప్పా?”

“మధుగిరి దగ్గరక్కా.”

“సేద్యముందా?”

“నాయన చేస్తాడు. రాగి, శెనక్కాయ.”

“మీ నాయన దిబ్బలో ఈ కంచాలు వేస్తావా?”

అతను పొర వైపు చూసినాడు. నా వైపు చూసినాడు. అబద్ధం చెప్పొచ్చు, చెప్పి పోవచ్చు, అమ్ముకునే వాడికి అదేమంత కష్టం కాదు. కానీ దిబ్బ అనేసరికి అతనికి వాళ్ల దిబ్బ కనబడినట్టుంది.

“వేయనక్కా,” అన్నాడు మెల్లగా. “నాయన కొడతాడు.”

క్యాంటీనంతా ఒక్కసారి గొల్లుమంది. ఆ నవ్వులో అతనూ కలిసినాడు పాపం. కంచాలన్నీ సంచిలో సర్దుకుంటుంటే అక్క అతన్ని ఆపి, మోదుగ విస్తరి వేసి అన్నం పెట్టించింది. సూపర్‌వైజరు తన అలవాటు ప్రకారం చివర మాట్లాడినవాళ్ల వైపు తలూపినాడు. విస్తళ్లు కొనసాగుతాయన్నాడు. కానీ ఒక మెలిక పెట్టినాడు. ఆడిట్‌కు చూపించను కట్ట మీద ఒక చీటీ ఉండాలి, అందులో ఏముందో రాసి.

ఇంటికొచ్చి కాగితం తీసినాను. అక్క ఎదురుగా కూర్చుని, “బాగా రాయి మే. నూరు పర్సెంటు అని రాయి. ఆకు బొమ్మ వేయి” అంది. మోకాలి మీద విస్తరి, వేళ్ల మధ్య పుల్ల, ఎగతాళి గొంతులోకి తిరిగొచ్చేసింది.

“నూరూ లేదు, బొమ్మా లేదు. ఉన్నది రాస్తాను.” రాసి చదివి వినిపించినాను. “మోదుగాకు. చీపురు పుల్ల. ఇంకేమీ లేదు.”

“అంతేనా? దానికి బీఏ ఎందుకు?”

సమాధానం చెప్పబోయి నా కళ్లు కట్ట మీద పడినాయి. కట్టకు చుట్టిన దారం నీలం రంగులో నిగనిగలాడుతోంది. అంగట్లో దొరికే ప్లాస్టిక్ దారం.

“అక్కా, ఇదేంది?”

“దారం.”

“ఇంకేమీ లేదు అని రాసినా కదా. అబద్ధమవుతుంది. దీన్ని తీసేసి కిత్తనార పేనాల.”

“నారా! దాన్ని కోసి, నానబెట్టి, కొట్టి, పేని... నీ నోట్లో మన్ను పడ. ఏజెంటు మీద గెలిచింది చాల్లేదా, నా మీద పడినావు?”

“చిన్న అక్షరాల్లో రాయమంటావా, దారం తప్ప అని? నక్షత్రం పెట్టమంటావా?”

అక్క నన్ను తిట్టిన తిట్లు ఇక్కడ రాయలేను. అవన్నీ ఉన్నదున్నట్టు నిజమే గానీ అచ్చుకు పనికిరావు. తిడుతూనే గడ్డపార ఊతగా పెట్టుకుని లేచి, గట్టు మీద కిత్తనార మట్టల కోసం కొడవలి తెమ్మంది. నేనే కోసినాను, ముళ్లు నాకే గుచ్చుకున్నాయి, అదీ ఆమెకు పండగే.

వారం తిరిగినాక మొదటి ఆటో పోయింది. నారతాళ్లతో కట్టిన కట్టలు, ఒక్కోదాని మీద నా చేతిరాత చీటీ. సాయంత్రం గోనెసంచులు తిరిగొచ్చినాయి. అక్క సంచి దులిపింది. విస్తళ్లు, తాళ్లు, వాటితో పాటు చీటీలు కూడా అన్నీ దిబ్బలో పడినాయి. నేను నిలబడి చూసినాను. ఒక్కటి కూడా వెనక్కి ఏరాల్సిన పని లేదు.