సందు మొగన

ఖిదిర్‌పూర్‌లో మా క్వార్టర్ల సందులోకి అంబులెన్స్ పట్టదు. సందు మొగదాకానే వస్తుంది. కార్పొరేషన్‌లో ఊడ్చే పని చేసే పక్కింటి అత్తకి ఆ సంగతి మా అందరికన్నా బాగా తెలుసు.

నాన్నకి పక్షవాతం వచ్చిన మధ్యాహ్నం, నేను అంబులెన్స్ వాళ్ళకి ఫోన్‌లో ఆయన అవస్థంతా ఏకరువు పెడుతుంటే అత్త నా భుజం పట్టుకుని ఆపింది.

"ముందు సోటు సెప్పు. జబ్బు తరవాత. ఆళ్ళు సెప్పేదాకా పోను పెట్టీకు."

అలా చెప్పి, ఎర్ర తువ్వాలు తీసుకుని సందు మొగకి పరిగెత్తింది. ఎవరికి బాగోకపోయినా అంతే, రోగి దగ్గర ఒక్క నిమిషం నిలబడేది కాదు. అదేం మనిషని నాకు కోపంగా ఉండేది.

మొన్న వానల్లో అత్తకే గుండెనొప్పి వచ్చింది. నేను ఫోన్ చేసి ముందు చోటు చెప్పాను. వయసు, నొప్పి ఎప్పుడు మొదలైంది, ఊపిరి ఎలా ఉంది, అడిగినవన్నీ చెప్పాను. బండి బయల్దేరింది, ఇక పెట్టేయమన్నారు. అప్పటికి సందు సందంతా ఆ గదిలోనే ఉంది. ఒకరు విసురుతున్నారు, ఒకరు కాళ్ళు రుద్దుతున్నారు.

అత్త కళ్ళు తెరిచి మమ్మల్ని చూసింది.

"అందరూ ఇక్కడే ఉంటే, సందు మొగన ఎవులున్నారు?"

బండి కనపడగానే ఊపడానికి అత్త ఎర్ర తువ్వాలు అందుకుని పరిగెత్తాను. రోడ్డు మీద బస్సులు, లారీలు పోతున్నాయి గానీ బండి జాడ లేదు. వెనక్కి తిరిగితే మలుపు అడ్డం, ఇల్లు కనపడదు. ఆమెకి ఊపిరి ఆడుతోందో లేదో తెలియదు. వెళ్ళి చూసి రావడానికీ లేదు.

నాన్న పడిపోయిన రోజు అత్త ఇక్కడే నిలబడింది, ఏమీ తెలియకుండా.