పెన్న తిప్పల మీద సోకిన జ్వరం

ఆ ఉదయం ప్రొద్దుటూరులో మంచం దిగబోతే పిక్కలు పట్టేసి నిలబడలేకపోయాను. ఇసుకలో తిరిగిన నొప్పి అనుకున్నాను. మధ్యాహ్నానికి చలితో జ్వరం వచ్చింది. కళ్లు ఎర్రబడ్డాయి.

అది ఆంధ్ర రాష్ట్రం ఏర్పడిన కొత్తల్లో మాట. నేను సైన్సు మాస్టరును. సెలవుల్లో జమ్మలమడుగు దగ్గర పెన్న మధ్యలోని ఇసుక తిప్పల మీద చిట్టెలుకలను పరిశోధించేవాణ్ణి. చుట్టూ నీళ్లతో వేరుపడిన ఎలుకలు ఒడ్డు మీదివాటికంటే పెద్దవవుతాయా అన్నది నా ప్రశ్న. బోన్లతో పట్టి, తూచి, తోక కొలిచి వదిలేసేవాణ్ణి. పులివెందుల వైపు నుంచి గొర్రెలు తోలుకొచ్చిన ఓబులేసు నాకు తోడు. ఇద్దరం చెప్పుల్లేకుండానే నీళ్లలో దిగేవాళ్లం.

మొదటి డాక్టరు ఏం పని చేస్తావని అడిగితే "టీచరు" అన్నాను. ఎలుకలు పడతానని చెప్పడానికి సిగ్గేసింది. ఊళ్లో అప్పటికే నవ్వుతున్నారు. డాక్టరు మలేరియా అన్నాడు. ఐదు రోజులు మాత్రలు మింగాను. ఆరో రోజు కళ్లు పచ్చబడ్డాయి, మూత్రం తగ్గిపోయింది.

జమ్మలమడుగు ఆసుపత్రిలో పెద్ద డాక్టరు నా అరికాలి పుండు చూశాడు.

"బడి లేనప్పుడు ఏం చేస్తావప్పా?"

చెప్పాను.

"ఇది వీల్స్ డిసీజ్. ఎలుకల మూత్రం కలిసిన నీళ్లు పుండులోంచి ఎక్కినాయి. పెనిసిలిన్ వేస్తాం. కిడ్నీల సంగతి ఇప్పుడే చెప్పలేను. నీతోబాటు ఎవరన్నా నీళ్లలో దిగినారా?"

అప్పుడు గుర్తొచ్చాడు ఓబులేసు. వెంటనే మనిషిని పంపించాం. నాకు రెండు రోజులు మూత్రం రాలేదు. ముక్కులోంచి రక్తం కారింది. మూడో రోజు మూత్రం వచ్చింది. ఆ రోజే మనిషి తిరిగొచ్చాడు. కామెర్లనుకుని పసరు తాగుతూ ఓబులేసు చనిపోయాడని చెప్పాడు.

నడవగలిగాక అతని ఇంటికి వెళ్లాను. భార్య నాగమ్మ వాకిట్లో కూర్చుని ఉంది.

"నీకు సూదులేసినారంట గదా సామీ. ఎలుకలతో వచ్చిందని మాకెవురూ చెప్పల్యా. ఏంటికి చెప్పల్యా?"

"నాకూ తెలియలేదమ్మా. సిగ్గుపడకుండా మొదటి రోజే నా పని చెప్పి ఉంటే తెలిసేదేమో."

నాగమ్మ లేచి గడప దాకా పోయింది. "ఇంగ పో సామీ," అంది.

ఇప్పుడు మళ్లీ పాఠాలు చెబుతున్నాను. ఎడమ కన్ను మసకబారింది. ఈ జ్వరం తర్వాత కొందరికి అలా అవుతుందన్నారు. తిప్పల మీదికి మళ్లీ పోలేదు.

డాక్టరు మీ పనేమిటని అడిగితే జీతమొచ్చే పని ఒక్కటే చెప్పి ఊరుకోకండి. చేతులూ కాళ్లూ దేంట్లో పెట్టారో చెప్పండి. మీతోపాటు ఇంకెవరు పెట్టారో, వాళ్ల పేరూ అప్పుడే చెప్పండి.