తారీఖు మారని టికెట్

ముంబై తీసుకెళ్ళి ఒకసారి చూపించండని ఇక్కడి డాక్టర్ చెప్పిన సాయంత్రమే మా ఇంట్లో గొడవ మొదలైంది. గొడవ మా ఆయన ఊపిరితిత్తిలో ఉన్న గడ్డ గురించి కాదు. దాని గురించి మాట్లాడే ధైర్యం మాలో ఎవరికీ లేదు. విమానం టికెట్ ఏ రకం తీయాలన్నదే గొడవ.

ఆయన పండ్ల మార్కెట్లో గుమాస్తా. మార్కెట్ కొత్తపేటలో ఉన్నన్నాళ్ళూ ఎల్బీ నగర్‌లోని మా ఇంటి నుంచి నడిచే పోయేవాడు. అది బాటసింగారం తరలిపోయాక రోజూ బండి మీద హైవే ఎక్కేవాడు. నల్లగొండ బత్తాయి తోటల్లో పుట్టిన మనిషి, కాయను ముట్టుకోకుండానే లోపల రసం ఎంతుందో చెప్పేవాడు. తన ఒంట్లో ఏముందో మాత్రం దగ్గు ముదిరి రక్తం పడేదాకా తెలుసుకోలేకపోయాడు. నేను దగ్గర్లోనే ఒక ప్రైవేటు బడిలో తెలుగు చెప్తాను. నోరెక్కువ అని బడిలోనూ పేరుంది, ఇంట్లోనూ పేరుంది.

టికెట్లు ఫోన్లో తీస్తానని మా తమ్ముడు అన్నాడు. వాడికి సాఫ్ట్‌వేర్ ఉద్యోగం, అన్నీ ఫోన్లోనే చేస్తాడు. మా ఆయన ఒప్పుకోలేదు. అమ్మేవాడి మొహం చూడకుండా ఏ సరుకూ కొనడు ఆయన. దాంతో ముగ్గురం దిల్‌సుఖ్‌నగర్ పోయాం. మెట్రో స్టేషన్ పక్కన, కోచింగ్ సెంటర్ల బోర్డుల మధ్య, మెట్లెక్కితే ఒక ట్రావెల్స్ ఆఫీసు. ఆ మెట్లెక్కడానికే ఆయన రెండుసార్లు ఆగి గోడ పట్టుకున్నాడు. పట్టుకుని, బోర్డులు చదువుతున్నట్టు నటించాడు.

ట్రావెల్స్ అతను కంప్యూటర్ తెర మా వైపు తిప్పాడు. ఒకే విమానం, ఒకే టైము, ధరలు మూడు.

“సేవర్ అంటె తక్కువల పోతది సార్. కానీ తారీఖు మార్చాలంటె జుర్మానానే టికెట్ అంత పడ్తది. క్యాన్సిల్ చేస్తె చేతికేం రాదు. ఫ్లెక్సీ అయితె ఎప్పుడంటె అప్పుడు మార్చుకోవచ్చు, వద్దనుకుంటె చానా మటుకు వాపస్ వస్తయి. దానిమీదిదైతె ముందల సీటు, కాళ్ళు చాపుకోనీకి జాగ, తిండి.”

సేవర్‌కూ ఫ్లెక్సీకీ తేడా, ఇద్దరికీ పోనూ రానూ కలిపితే, మా పై పోర్షన్ మీద నెలకు వచ్చే కిరాయి అంత ఉంది. నాకు ఒళ్ళు మండింది. సీటు అదే, విమానం అదే, దిగే చోటూ అదే. మరి దేనికి ఎక్కువ తీసుకుంటున్నట్టు? వచ్చే వారం నీ బతుకు ఎలా ఉంటుందో నీకు తెలిస్తే ఒక రేటు, తెలియకపోతే ఇంకో రేటు. రోగిష్టి మనిషికి వచ్చే వారం గురించి ఏం తెలుస్తుంది? ఎద్దు పుండు కాకికి ముద్దు అని ఊరికే అనలేదు. ఆ మాట అక్కడే పైకి అనేశాను కూడా. పాపం ట్రావెల్స్ అతను నవ్వాలో వద్దో తెలియక కీబోర్డు తుడుచుకున్నాడు.

“ఫ్లెక్సీనే తీద్దాం అక్కా,” అన్నాడు తమ్ముడు. “వాళ్ళు ఎన్ని దినాలు ఉంచుకుంటరో ఎవలకెరుక? ఇంకో వారం ఉండుమంటె ఏం జేస్తవ్?”

మా ఆయన ఊపిరి కూడగట్టుకుని అన్నాడు: “వాపస్ తీసుకుంట అన్నోడు, ఆ వాపస్‌కు గూడ ముందుగాలనే పైసలు గుంజుతడు బామ్మర్దీ. మా మార్కెట్ల వేలం అయినంక వాపస్ అన్న మాటనే లేదు.”

ముందు సీటు తీద్దాం, నీ కాళ్ళు వాస్తున్నాయి కదా అని నేనంటే, గంటన్నర కూర్చోవడానికి సింహాసనం ఎందుకే అన్నాడు. అప్పుడు ట్రావెల్స్ అతనే ఒక దారి చూపించాడు. పోయేదొక్కటే తీసుకోండి, వచ్చేది డాక్టర్ ఏం చెప్తాడో చూసి అప్పుడు తీసుకోవచ్చు, అన్నాడు. అందరి మాటల్లోకీ తెలివైన మాట అదే. చవక కూడా. ఇంట్లో అడిగి చెప్తామని లేచాం.

ఇంట్లో అడగాల్సింది ఒక్కరినే, మా ఆయన మేనత్తను. చిన్నప్పుడే తల్లి పోతే ఆయన్ను పెంచింది ఆమే. ఇప్పుడు మా దగ్గరే ఉంటుంది. సంగతి చెప్పగానే చేతిలో చాట కింద పెట్టేసింది.

“పోయేదొక్కటేనా? దవాఖానకు పోయే మనిషికి ఎవలన్న పోయే టికెట్ ఒక్కటే తీస్తరా బిడ్డా? తిరుగు టికెట్ చేతుల ఉండాలె. లేకుంటె ఆడనే ఉండుమని మనమే సాగనంపినట్టు.”

మా ఇళ్ళల్లో ఎవరూ గడప దాటేటప్పుడు ‘పోతున్నా’ అనరు. ‘పోయొస్త’ అనాలి. పిల్లలు బడికి పోతూ నోరు జారి ‘పోతున్న’ అంటే, వెనక్కి పిలిచి, కూర్చోబెట్టి, గుక్కెడు నీళ్ళు తాగించి మళ్ళీ పంపిస్తాం. బడిలో పిల్లలు బల్లి పడిందనీ పిల్లి ఎదురొచ్చిందనీ చెప్తే నేను ఎగతాళి చేస్తాను. కానీ అత్తమ్మ ఆ మాట అన్నాక, ఒక్క పోయే టికెట్టే చేతిలో పట్టుకుని ఆయన్ను గడప దాటించడం నా వల్ల కాలేదు. నా ఎగతాళి అంతా ఎటు పోయిందో.

సరే, రానూ పోనూ తీద్దాం, కానీ ఫ్లెక్సీ తీద్దాం అన్నాను. ఆయన మంచం మీద గోడకు ఆనుకుని ఉన్నాడు.

“తారీఖు మార్చుకునే టికెట్ ఎందుకు? నేను రాననా?”

“అట్ల కాదయ్యా. ఒకవేళ వాళ్ళు ఉండుమంటె?”

“వాపస్ పైసలొచ్చే టికెట్ అంటె ఏంది? మనిషి రాకున్నా పైసలన్న వస్తయని. గంతే గద.” కాసేపు దగ్గి, మళ్ళీ అన్నాడు: “నాకు ఖాయం టికెట్ తియ్యి. గురువారం వస్త అంటె గురువారమే వస్త.”

నువ్వు రాకపోవచ్చు, ఎందుకైనా మంచిదని ఖరీదైంది తీస్తున్నా అని మొగుడి మొహం మీద అనగలిగే మనిషి ఉంటే నాకు చూపించండి. మర్నాడు పోయి సేవర్ తీశాను, బుధవారం పోయి ఆ పై వారం గురువారం తిరిగొచ్చేట్టు. తీస్తుంటే నాకే గట్టి నమ్మకం వచ్చింది, దేవుడికి ముడుపు కట్టినట్టు. తమ్ముడు రెండు రోజులు నాతో మాట్లాడలేదు.

బుధవారం బయల్దేరాం. వీల్‌చైర్ వద్దని గింజుకున్నాడు, చివరికి కూర్చున్నాడు. విమానంలో కిటికీకి మొహం ఆనించి, మబ్బుల కింద ఊళ్ళను చూసి, అది చౌటుప్పల్ కావచ్చు అన్నాడు. అది చౌటుప్పల్ అయ్యే అవకాశమే లేదు, మేం పోతున్నది నల్లగొండ వైపు కాదు. కావచ్చు అన్నాను.

గురువారం మళ్ళీ స్కానింగు ఫోటోలు తీశారు. శుక్రవారం పొద్దున పెద్ద డాక్టర్ నన్ను ఒక్కదాన్నే లోపలికి పిలిచాడు. ఎంతసేపో మాట్లాడతాడనుకున్నాను. నేను కుర్చీలో సర్దుకునే లోపే అయిపోయింది. ఇక్కడ చేయడానికి ఏమీ లేదమ్మా, ఇంటికి తీసుకెళ్ళండి, నొప్పికి మందులు రాస్తాను, రెండు మూడు నెలలు ఉండొచ్చు, అన్నాడు హిందీలో. మా కోసం దాచిన కొత్త మందేదో ఆ గదిలో ఉంటుందని అంత దూరం పోయాం.

బయటికి వచ్చాక ఏమన్నాడని అడిగాడు ఆయన.

“మందులు రాసిండు. ఇంటికి పోయి వాడుకొమ్మన్నడు.”

“మంచిగైంది,” అన్నాడు. ఎన్నాళ్ళ తరువాతో ఆయన మొహం వెలిగింది. “ఇయ్యాల్నే పోదామా మరి?”

అప్పుడు గుర్తొచ్చింది టికెట్. వచ్చే గురువారం.

వాళ్ళు ఉంచుకుంటే ఎలా, వారం ఎక్కువ పడితే ఎలా, అసలు మనిషే రాకపోతే ఎలా అని ఎంత కొట్టుకున్నాం. పోయిన మూడో రోజే పొమ్మంటారని మాత్రం మాలో ఒక్కరికీ తోచలేదు. ఆలస్యానికే భయపడ్డాం. ట్రావెల్స్ అతనికి ఫోన్ చేస్తే, మార్చాలంటే కొత్త టికెట్ కొన్నట్టే మేడం, పెళ్ళిళ్ళ సీజను, రేట్లు మండిపోతున్నాయి అన్నాడు. రైల్లో వెయిటింగ్ లిస్టు. బస్సులో ఆయన అంతసేపు కూర్చోలేడు. తమ్ముడికి చెప్తే, రేపటికి నేను తీస్తున్న అక్కా, నువ్వేం మాట్లాడకు అన్నాడు. ఆయన నా చేతిలోంచి ఫోన్ లాక్కున్నాడు.

“దండగ బామ్మర్దీ. ఐదారు దినాలే గద. ఇంక నెలలున్నయంట.”

నెలల సంగతి నేను ఆయనకు చెప్పలేదు. తలుపు సందులోంచి విన్నాడన్నమాట. విని, నా ముందు మంచిగైంది అన్నాడన్నమాట. ఇక వాదించే ఓపిక లేకపోయింది. పైగా నాకూ అలాగే అనిపించింది. నెలల ముందు ఐదారు రోజులు ఎంత? సరే అన్నాను.

దవాఖాన వెనక సందులో లాడ్జి. కిటికీ తీస్తే పక్క బిల్డింగు గోడ. పప్పులో చక్కెర వేస్తున్నారని ఆయన తినేవాడు కాదు. శనివారమంతా ఇంటి ముచ్చట్లే. ఇంటికి పోయినంక బయట అరుగు మీద కూర్చుంటానన్నాడు. పచ్చిపులుసు చెయ్యమన్నాడు. ఒకసారి కారు మాట్లాడి బాటసింగారం తీసుకుపో, కొత్త పంట బత్తాయి వచ్చి ఉంటది, చూసొద్దాం అన్నాడు. కట్టుకున్న ఇల్లు కదా, ప్రతి మూలా చెప్తుంటే నాకు ఇటుకలు కనిపించాయి. అంత ఆశగా మాట్లాడుతున్న మనిషిని ఆ గోడ ముందు కూర్చోబెట్టాను.

ఆదివారం, ఇయ్యాల ఏం వారం అని అడిగాడు. చెప్పాను. కాసేపటికి మళ్ళీ అడిగాడు. గురువారం కోసం ఎదురుచూస్తున్నాడు కదా అనుకున్నాను. సోమవారం అన్నం ముద్ద నోటి దాకా తీసుకుపోయి, అలాగే పట్టుకుని, మళ్ళీ అదే అడిగాడు. ఎన్నిసార్లు చెప్పాలయ్యా, సోమవారం, సోమవారం అని అరిచాను. బిత్తరపోయి చూశాడు. మంగళవారం పొద్దున నన్ను అత్తా అని పిలిచాడు.

దవాఖానకు పరిగెత్తాను. గడ్డ తలకెక్కిందన్నారు. మెదడు వాచిందని ఇంజక్షన్లు ఇచ్చి పడుకోబెట్టారు. తమ్ముడు ఎంతైనా పెట్టి టికెట్ కొంటానని ఫోన్లో ఏడ్చాడు. బుధవారం సాయంత్రం దాకా వాళ్ళు వదల్లేదు. ఇక ఎంత పోసి కొన్నా, మా చేతిలో ఉన్న టికెట్ కంటే ముందు ఇంటికి చేరే దారి లేదు. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు.

ఎక్కువ పెట్టి కొనే టికెట్ దండగా కాదా అని బడిలో టీచర్లు సెలవులప్పుడు మాట్లాడుకుంటుంటే నేను లేచి పోతాను. కాళ్ళు చాపుకునే జాగా, ముందు సీటు, అవి ఎవరికి కావాలి? నేను కొనకుండా వదిలేసింది ఒక శనివారం, ఒక ఆదివారం, ఒక సోమవారం. ఆయనకు తన ఇల్లు తెలిసిన రోజులవి. ఇంట్లో ఉండుంటే అరుగు మీద కూర్చునేవాడు. పులుపు చాలలేదని నన్ను తిట్టేవాడు. మూడు రోజులే. అవి మా పై పోర్షన్ కిరాయికి దొరికేవి. ఇప్పుడు ఆ కిరాయి ప్రతి నెలా చేతికొస్తుంటే నాకు ఆ డబ్బును గోడకేసి కొట్టాలనిపిస్తుంది. ఎవరి మీద కోపం తెచ్చుకోను? అత్తమ్మ ప్రేమ కొద్దీ అన్నది. ఆయన బతుకుతానని అన్నాడు. నేను ఆయన మాట కాదనలేకపోయాను. ఇందులో తప్పెక్కడుందో వెతికితే దొరకదు, అదే నన్ను తినేస్తోంది.

గురువారం విమానం ఒక్క నిమిషం ఆలస్యం కాలేదు. ఎయిర్‌పోర్టుకు తమ్ముడు తెచ్చిన కారు సాగర్ రింగ్ రోడ్డు దాటి మా సందులోకి తిరిగింది. అత్తమ్మ గేటు తెరిచి నిలబడి ఉంది. నేను ఒక పక్క, తమ్ముడు ఒక పక్క పట్టుకుని ఆయన్ను దించాం. గేటు దగ్గర ఆగి, ఇంటిని పైనుంచి కిందికి చూశాడు.

“ఎవలిల్లు?” అన్నాడు.

“మనదేనయ్యా. వచ్చినం. లోపలికి పోదాం దా.”

అత్తమ్మ వైపు చూసి మర్యాదగా చేతులు జోడించాడు. తరువాత నా చెవి దగ్గరికి వంగి, ఆమెకు వినపడకుండా అన్నాడు:

“పరాయోళ్ళను తక్లీఫ్ పెట్టుడెందుకు? పా, మనింటికి పోదాం.”