ట్రాములో చారన్నం

ఇంగ్లండులో బ్రాక్‌నెల్ అనే ఊళ్ళో ప్రఫుల్లది ముప్ఫై ఏళ్ళ కాపురం. ఆ ముప్ఫై ఏళ్ళలో ఆవిడ బస్సెక్కిన సందర్భాలు వేళ్ళమీద లెక్కపెట్టొచ్చు. భర్త డాక్టర్ సాంబశివరావు ఎక్కనిస్తేగా! ఆయన ప్రభుత్వాసుపత్రిలో మత్తుమందు డాక్టరు. డ్యూటీలు ఎన్నున్నా సరే, కూరగాయలకైనా గుడికైనా కారు తీసేవాడు. "చలిలో బస్సుకోసం నిలబడ్డమెందుకు, నేను లేనూ?" అనేవాడు. అదంతా ప్రేమేనని ఆవిడ మురిసిపోయేది. ప్రేమే, కాదనం. కాని మనిషిని మరీ అంత సుఖపెడితే కాళ్ళు విరగ్గొట్టినట్టే అవుతుంది.

ఆ మనిషి మే నెలలో బర్మింగ్‌హామ్‌లో, ప్రఫుల్ల స్నేహితురాలు చాముండేశ్వరి గృహప్రవేశానికి వెళ్ళి, భోజనాల దగ్గర కుర్చీలోంచి పక్కకి ఒరిగిపోయాడు. పక్షవాతం. కుడిచెయ్యి, కుడికాలు, మాట, మూడూ ఒక్కసారే పోయాయి. ఆ ఊళ్ళోనే పెద్దాసుపత్రిలో చేర్చారు. రెండు చీరలతో వచ్చిన ప్రఫుల్ల ముక్కూమొహం తెలియని ఊళ్ళో ఉండిపోవలసి వచ్చింది.

చాముండేశ్వరి మంచిదే, వెనక గది ఇచ్చింది. కాని మొగుడూ పెళ్ళాలిద్దరివీ వేళలు మారే షిఫ్టు ఉద్యోగాలు. రోజూ కారులో దింపడం వాళ్ళవల్ల అయ్యే పని కాదు.

"చివరి స్టాపుదాకా ట్రామే తీసుకుపోతుందే. అక్కణ్ణించి బస్సు మారితే అయిపోయె" అని ధైర్యం చెప్పింది.

చెప్పినంత సులువా! మొదటిరోజు ప్రఫుల్ల ట్రాము తలుపు ముందు బుద్ధిగా నిలబడింది. మీట నొక్కితేగాని అది తెరుచుకోదని ఎవరూ చెప్పలేదు. ట్రాము ఆవిణ్ణి వదిలేసి తన దారిన తను పోయింది. తరవాతి ట్రాములో చివరిదాకా వెళ్ళి తప్పుడు బస్సెక్కింది. ఎక్కడో దిగి, ఎవరెవర్నో అడిగి, ఆసుపత్రి చేరేసరికి పేషెంట్లని చూసే వేళ కాస్తా అయిపోయింది. తల ప్రాణం తోకకొచ్చింది. గేటు పక్క బెంచీమీద కూర్చుని, దారినపోయేవాళ్ళు చూస్తున్నా లక్ష్యపెట్టక, వెక్కి వెక్కి ఏడ్చింది.

మర్నాడు ట్రాము చివరి స్టాపు పక్కన అద్దె సైకిళ్ళ వరస కంటపడింది. ఫోనుతో తాళం తీసుకోవచ్చు. అక్కణ్ణించి కాలవగట్టు వెంట సూటిగా పోతే ఆసుపత్రి, మలుపులు లేవు, తప్పిపోయే భయం లేదు. తెనాలి కాలేజీకి ఆవిడ మూడేళ్ళు సైకిలు మీదే వెళ్ళింది. ఒకసారి వచ్చిన సైకిలు మర్చిపోరంటారు. నిజమే, మనం మర్చిపోం, మోకాళ్ళు మర్చిపోతాయి. చాముండేశ్వరి పంజాబీ డ్రెస్సు, బూట్లు అడిగి తొడుక్కుని, యాభయ్యేడేళ్ళ ప్రఫుల్ల ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని తొక్కింది. రెండోరోజుకి కాస్త కుదురు చిక్కింది. నాలుగోరోజుకి, మొగుడు మంచం మీద ఉండగా ఇదేం సంబరమని సిగ్గుపడేంత హాయి కూడా కలిగింది.

కాని ఆసుపత్రిలో చూస్తున్నది మింగుడు పడలేదు. ఆయన మంచం తలవైపు 'నోటి ద్వారా ఏమీ ఇవ్వరాదు' అని ఇంగ్లీషులో బోర్డు పెట్టారు. ముక్కులోంచి గొట్టం, గొట్టంలో పాలలాంటి ద్రవం. పదకొండు రోజులుగా ఆయన నోట్లో మెతుకు పడలేదు. పెదవులు ఎండి బీటలు వారాయి.

"లంఖణం పరమౌషధం అన్నారు కదే" అంది చాముండేశ్వరి ఊరడింపుగా.

"కడుపు నిండినవాళ్ళెవరో అని ఉంటారు" అని విసుక్కుంది ప్రఫుల్ల.

పన్నెండోరోజు పొద్దున అన్నం మెత్తగా ఉడికించి, మిరియాల చారు పోసి, చెంచాడు నెయ్యి వేసి, వేళ్ళతో గుజ్జులా పిసికింది. వీళ్ళు వద్దన్నది రొట్టెముక్కలు, మాంసం తుంపులు గాని, ఇంత జారుగా ఉన్నది నీళ్ళతో సమానం కదా, ఏం చేస్తుందనుకుంది. స్టీలు డబ్బా ఒళ్ళో పెట్టుకుని ట్రాములో కూర్చుంది. ఇంగువ వాసనకి ఎదుటి సీటావిడ తల తిప్పింది. తిప్పితే తిప్పనీ అనుకుంది.

సన్నగా వాన. కాలవ వంతెన దిగేచోట తడిసిన రాళ్ళమీద సైకిలు జర్రున జారింది. ప్రఫుల్ల ఒకవైపు, సైకిలు ఒకవైపు. లేచి ముందు డబ్బా చూసుకుంది, మూత ఊడలేదు. తరవాత చూసుకుంటే మోకాలు చీరుకుపోయి, బట్ట చిరిగి, నెత్తురు పాదందాకా కారుతోంది.

అలాగే కుంటుకుంటూ వార్డుకి వెళ్ళి, మంచం చుట్టూ తెర లాగి డబ్బా తెరిచింది. చారు వాసనకి ఆయన ముక్కుపుటాలు అదిరాయి. కాని ముద్ద దగ్గరికి తేగానే పెదవులు బిగించి మొహం తిప్పేసుకున్నాడు.

"ఒక్క ముద్దండీ. నామీద ఒట్టే" అంది.

ఆయన ఆవిడ మోకాలివైపు చాలాసేపు చూశాడు. తరవాత నోరు తెరిచాడు.

ఒకటి, రెండు. మూడో ముద్దకి పొలమారింది. కళ్ళు ఎర్రబడేలా దగ్గాడు. ఆవిడ ఆయన నెత్తిమీద తట్టి, "ఎవరో తలుచుకుంటున్నారు" అంది. దగ్గు ఆగింది. మూతి తుడిచి, డబ్బా సంచీలో దాచేసి, అన్ని రోజుల్లోకీ ఆరోజే ఆవిడ కడుపు నిండినట్టు ఇంటికెళ్ళింది.

మర్నాటికి ఆయనకి నూట మూడు జ్వరం. మొహానికి ఆక్సిజన్ మాస్కు. వార్డులో మనోజ్ఞ అని వరంగల్ పిల్ల, జూనియర్ డాక్టరు. ఆ అమ్మాయి ప్రఫుల్లని పక్కకి పిలిచి, "లంగ్స్‌లో ఇన్ఫెక్షన్ వచ్చింది ఆంటీ. నోట్లకేమన్న పెట్టిన్రా?" అని అడిగింది.

"లేదమ్మా" అంది ప్రఫుల్ల.

అబద్ధమైతే నోటికి వచ్చింది గాని, తరవాత ముద్ద దిగలేదు. చెప్తే ఛీ అంటారు, రేపణ్ణించి దగ్గరికి రానివ్వరేమో. చెప్పకపోతే మందు తప్పుతుందేమో, మనిషే పోతాడేమో. ఆ మర్నాడు ట్రాము చివరి స్టాపులో అందరూ దిగారు, ఆవిడ దిగలేదు. ఆవిణ్ణి మోసుకునే ట్రాము వెనక్కి బయల్దేరింది. రెండు స్టాపులు పోయాక గబుక్కున లేచి దిగిపోయింది. సైకిలు కోసం కూడా వెతక్కుండా, కట్టు కట్టుకున్న కుంటి కాలితోనే ఆసుపత్రిదాకా నడిచింది.

"నేనే పెట్టానమ్మా. చారన్నం. మూడు ముద్దలు" అంది మనోజ్ఞతో.

ఆ పిల్ల తిట్టలేదు. వెంటనే కేస్‌షీటులో రాసి, పెద్ద డాక్టరుకి ఫోన్ చేసి మందు మార్పించింది. తరవాత అంది: "నీళ్ళలెక్క జారేదే ఎక్కువ డేంజర్ ఆంటీ. కడుపులకు పోవాల్సింది ఊపిరితిత్తులలోకి పోతది. అయినా సార్ ఎట్ల తిన్నరు? నా ఫస్ట్ ఇయర్ ట్రైనింగ్ సార్ వాళ్ళ హాస్పిటల్లనే అయింది. స్ట్రోక్ పేషెంట్ నోట్ల చుక్క పోస్తే ఏమైతదో మాకు క్లాస్ చెప్పింది సారే."

మంచం దగ్గరికి ఎలా వెళ్ళిందో ప్రఫుల్లకే తెలియదు.

"తెలిసి తెలిసి నోరెందుకు తెరిచారండీ?" అంది. "నేనంటే తెలివితక్కువదాన్ని. మీరు డాక్టరు కాదూ? ఒట్టు పెడితే మాత్రం విషమైనా తింటారా?"

మాస్కు వెనక ఆయన కళ్ళు తడిశాయి. ఎడమచెయ్యి పక్కమీంచి మెల్లిగా దిగి, తడుముకుంటూ వచ్చి, ఆవిడ మోకాలి కట్టుమీద ఆగింది.

ఆవిడ ఆ చేతిని రెండు చేతులతో పట్టుకుని, పక్క మంచాలవాళ్ళు తిరిగి చూసేలా ఏడ్చింది. "ఇంకెప్పుడూ నా మాట వినకండి. నేను బతిమాలినా, ఏడ్చినా, నోరు తెరవకండి" అంది.

ఆయన తల ఊపాడు. ఆ మాట కూడా విన్నాడు.