పైపు పక్క ఊరి యాదమ్మ

2011లో నేను ఎల్బీనగర్ దగ్గర నీటి పరీక్షల ల్యాబ్‌లో పనిచేసేదాన్ని. నగరానికి వచ్చే కృష్ణా నీటిలో క్లోరిన్, ఫ్లోరైడ్ చూడడం మా పని. ఫ్లోరైడ్ ఎక్కువైతే పళ్లు గారపడతాయి, ఏళ్ల తరబడి తాగితే ఎముకలు వంగిపోతాయి.

తెలంగాణ ఉద్యమం జోరుగా సాగుతున్న ఆ రోజుల్లో యాదమ్మ రెండు సీసాలతో వచ్చింది. నల్లగొండ పల్లె మనిషి, కొత్తపేటలో కూతురి దగ్గర ఉంటోంది. ఒక సీసాలో కూతురింటి నల్లా నీళ్లు, ఇంకోదాంట్లో ఊరి బోరు నీళ్లు. రెండింటిలో రియేజెంట్ అనే ఎర్రమందు కలిపాను. ఫ్లోరైడ్ ఎంతుంటే రంగు అంత వెలుస్తుంది. బోరు నీళ్లు పాలిపోయాయి.

నల్లా నీళ్లు ఎక్కడివని అడిగింది. గోడ మీది మ్యాపులో సాగర్ వైపు నుంచి వచ్చే పైపులైన్ చూపించి, దారిలోని ఊళ్ల పేర్లు చదివాను. తన ఊరి పేరు దగ్గర ఆపింది.

"గా పైపుకు కాల్వ తవ్వెటప్పుడు నేను కూలికి పోయిన బిడ్డా. నీళ్లు మాకు గావని ఎరికే. గింత మంచియని ఎరిక లేకుండె."

ఊళ్లో కోడలు ఐదో నెల గర్భిణి. ప్రతి ఆదివారం క్యాను నిండా నల్లా నీళ్లు పట్టుకుని, ఎల్బీనగర్‌లో బస్సెక్కి ఇచ్చి వస్తోందట. కృష్ణా నీళ్లు అలా వచ్చిన దారినే వెనక్కి వెళ్తున్నాయి.

తర్వాత సకల జనుల సమ్మె మొదలై బస్సులు ఆగిపోయాయి. యాదమ్మ మళ్లీ వచ్చింది. బోరు నీళ్లు కాగబెట్టి తాగితే సాలదా అని అడిగింది.

"కాస్తే ఫ్లోరైడ్ పోదమ్మా. నీళ్లు ఇగిరి ఇంకా చిక్కనవుతుంది."

అవి వానలు పడే రోజులు. వాన నీళ్లలో ఫ్లోరైడ్ ఉండదని, మొదటి జల్లు వదిలేసి రేకుల మీది నీళ్లు పట్టి, వడకట్టి, కాచి తాగమని చెప్పాను. నా బల్ల దగ్గరి నుంచే కోడలికి ఫోన్ చేసి, ప్రతి మాటా రెండుసార్లు చెప్పింది.

కోడలికి ఆడపిల్ల పుట్టింది. రాష్ట్రం వచ్చాక కొన్నేళ్లకు వాళ్ల ఊరికీ కృష్ణా నీళ్లొచ్చాయి. శాంపిల్ కోసం వెళ్తే యాదమ్మ అక్కడే ఉంది. మనవరాలు నల్లా కింద దోసిలి పట్టి తాగుతోంది.

"నా పిల్లలప్పుడు ఒస్తె ఎంత బాగుండు బిడ్డా," అంది.

ఇప్పటికైనా వచ్చాయి కదా అనబోయి ఆగిపోయాను. నీళ్లు అందిన రోజును మేము రిజిస్టర్‌లో రాస్తాం. అందని ఏళ్లను ఎవరూ రాయరు. యాదమ్మను చూశాకే నాకది తెలిసింది.