హైన్లె గారి సీసా, నరహరి సారు విస్తరి

“రేపటిది చెప్పు,” అన్నాడు మా ఆయన.

“నలభై మందికి. బగారన్నం, కోడికూర, పచ్చిపులుసు, బక్షాలు. ఆకులు మనయే. పదకొండుకు బండి.”

“ఉప్పు చెప్పలె.”

“ఉప్పు గూడ చెప్పాల్నా? అది నేను మరుస్తనా?”

“చెప్పు.”

“ఉప్పు,” అన్నాను.

మా ఇద్దరి ఆఖరి మాటలు అవే. స్టుట్‌గార్ట్ ఆసుపత్రిలో ఆయన మంచం పక్కన నిలబడి చెప్పాను. ఇంటికి వచ్చి చింతపండు నానేసే లోపలే ఫోను మోగింది.

నేను చెబుతుంటే రాస్తున్నది మా చెల్లెలి మనవరాలు కీర్తన. జర్మనీలోనే క్లాస్తాల్ అనే ఊళ్ళో ఎమ్మెస్ చదువుతోంది. నాది మూడో తరగతి. కూడబలుక్కుని చదువుతాను, రాయడం సంతకం వరకే. వీసా కోసం జర్మన్ పరీక్ష మూడోసారికి గట్టెక్కినదాన్ని. ఆయన పేరు లింగయ్య. బతికుండగా ఆ పేరు ఎన్నడూ నోట పలకలేదు. రాతలో పెట్టక తప్పదు కాబట్టి ఇప్పుడు పలుకుతున్నాను.

ఆయన ఒక ఇండియన్ హోటల్‌కు వంటవాడిగా ఈ దేశం వచ్చాడు. తర్వాత బ్లూ కార్డనే ఉద్యోగ వీసా మీద మన పిల్లలు గుంపులు గుంపులుగా దిగడంతో వాళ్ళ ఫంక్షన్లు మొదలయ్యాయి, మేమూ సొంతంగా ఆర్డర్లు పట్టుకున్నాం. పొయ్యి దగ్గర ఆయన మాటే మాట. పొయ్యి దాటితే నాది: ఆకులు, పూలు, గాజులు, కుర్చీలు, షవర్లు. షవర్ అంటే పెళ్ళికి వారం పది రోజుల ముందు పెళ్ళికూతురికి స్నేహితురాళ్ళు చేసే వేడుక. దానికొక థీమ్ అడుగుతారు. థీమ్ అంటే నేను నేర్చుకున్నది ఇంతే: ఒకే వస్తువు కంటికి, చేతికి, నోటికి అందాలి. నిమ్మకాయల థీమ్ చేశాను. ఎస్-బాన్ లోకల్ రైల్లో పరిచయమైన జంటకు రైలు థీమ్ చేసి, అప్పాలను టికెట్ల మాదిరి కోసిపెట్టాను.

రాత రాని మాకు ఒక పద్ధతి ఉండేది. ఎవరు పని అప్పజెప్పినా, విన్నదంతా మొదటి నుంచి చివరి దాకా వాళ్ళకే తిరిగి చెప్పేదాన్ని. ఆయన పక్కన కూర్చుని వినేవాడు. తప్పు ఎక్కడున్నా ఆయన చెవికి తగిలేది. కాగితాల మీద రాసుకునే వాళ్ళు పసుపు మరిచిపోయి పరుగులు పెట్టడం చూశాను. మేము ఎన్నడూ పరుగెత్తలేదు. ఒక్కసారి తప్ప. ఆ ఒక్కసారి సంగతే ఇది.

కరోనా పోయిన మరుసటేడు మే నెలలో నీహారిక పెళ్ళి పని వచ్చింది. జనగామ పిల్ల, కార్ల విడిభాగాల కంపెనీలో ఇంజనీరు. పెళ్ళికొడుకు యోనాస్ ఇక్కడి వాడే. అతని తండ్రి హైన్లె గారికి ఊరి బయట కొండ వాలున ద్రాక్షతోట ఉంది. తన వైను తానే తీస్తాడు. పెళ్ళి పొద్దున హాలులో, రిసెప్షన్ మధ్యాహ్నం ఆయన తోట వాకిట్లో. మాకు అప్పజెప్పినవి మూడు: షవర్, వంట, వంటకు తగిన వైను ఎంచడం. మూడోది విని నేను నవ్వాను. మా ఆయన నవ్వలేదు.

షవర్‌కు ద్రాక్షతీగల థీమ్ పెట్టాను. మే నెలలో తోటలో అక్కరలేని చిగుళ్ళు తుంచేస్తారు. హైన్లె గారు వాటిని బుట్టలకొద్దీ పంపించాడు. తీగలు కుర్చీకి చుట్టి, పచ్చ గాజులు గుత్తులుగా వేలాడదీశాను. ఒక్కొక్క స్నేహితురాలు గుత్తిలోంచి తెంపి పిల్ల చేతికి తొడగాలి. అందరూ ఫొటోలు తీసుకుంటుంటే నీహారిక నా చెవి దగ్గరకు వంగింది.

“ఆంటీ, భయమైతుంది. మా నాన్న తాగరు. ఎవరన్న తాగితే కాదనరు గని, అన్నం తినే కాడ గ్లాసు కనబడితే లేచిపోతరు. మా బాబాయి పెండ్లిల అట్లనే లేచినరు. పదేండ్లు మాటల్లేవు.”

“మరి మీ మామకు చెప్పరాదు?”

“ఆయనేమో యోనాస్ పుట్టినప్పుడు నాటిన తీగల వైను దాసిపెట్టిండు. తిండి లేకుండ వైను తాగుడు ఆయనకు అవమానమట. ఎటు బోవాలె నేను?”

ఆమె తండ్రి నరహరి సారు రిటైరైన హెడ్మాస్టరు. అంత దూరం నుంచి కూతురి పెళ్ళికి వచ్చి, వియ్యంకుడి వాకిట్లో విస్తరి ముందు నుంచి లేచిపోతే ఆ పిల్ల గతి ఏమిటి? అదీ మా ముందున్న పని. తక్కినదంతా వంట.

ఆ శనివారం టెర్మిన్, అంటే ముందుగా సమయం అడిగి తీసుకుని హైన్లె గారి నేలమాళిగకు పోయాం. యోనాస్ ఇంగ్లీషులో చెబితే నీహారిక మాకు తెలుగులో చెప్పింది. అక్కడి మర్యాద ఏమిటంటే, గ్లాసులో రెండు గుక్కలు పోస్తారు, నోట్లో పుక్కిలించి పక్కన పెట్టిన బకెట్‌లో ఉమ్మాలి. మా ఆయన బకెట్ వైపు చూశాడు.

“పెద్దమనిషి చేసిన దాన్ని ఆయన ముంగటనే ఉమ్ముతరా? నాతోని గాదు.”

గ్లాసు ఎంగిలి చేయడమూ ఆయనకు ఇష్టం లేదు. తల ఎత్తి, గ్లాసు పైకి లేపి, పెదవి తగలకుండా సన్నటి ధారగా నోట్లోకి వంచుకున్నాడు. మా మామ తాటిచెట్లెక్కి కల్లు గీసిన మనిషి. ఈయనది తాటాకు రేకలో కల్లు తాగిన నోరు. హైన్లె గారు కాసేపు గుడ్లప్పగించి చూసి, తానూ అట్లాగే పోసుకోబోయి చొక్కా తడుపుకున్నాడు. అప్పటి నుంచి ఇద్దరికీ భాషతో పని పడలేదు.

ఏడు సీసాలు తెచ్చాడు. మా ఆయన వాసన చూసి, పులుపును బట్టి ఏడింటినీ వరుసగా నిలబెట్టాడు. చిన్నప్పుడు లొట్టి మూత తీస్తే ఏ చెట్టు కల్లో చెప్పేవాడట. ఆ ముక్కు ఇక్కడా పనికొచ్చింది. హైన్లె గారు ఆ వరుసలో ఒక్క సీసా కూడా కదపలేదు. తర్వాత మా ఆయన సంచిలోంచి డబ్బా తీశాడు: తాలింపేసిన శనగ గుడాలు, మటన్ వేపుడు. ఒక ముద్ద, ఒక చుక్క. హైన్లె గారు గొప్పగా చెప్పిన ఎర్ర వైనును మా ఆయన పక్కన పెట్టేశాడు.

“మంచిదే. గని వగరు ఉంది. మన కారం తగిలితే మంట మీద మంట. ఈ తెల్లది చూడు, పొద్దుటి కల్లు తీరు. జరంత తీపి, ఎనక పులుపు. కారాన్ని పట్టుకుంటది.”

అది కొంచెం తీపి మిగిల్చిన రీస్లింగ్ ద్రాక్ష వైను. యోనాస్ తీగలదీ అదే అని తర్వాత తెలిసింది. వైను గురించి ఒక్క అక్షరం చదవని మనిషి, నాలుకతో తోవ వెతుక్కుంటూ అక్కడికే చేరాడు. నేను ఆయన వంట తిని మెచ్చుకున్న రోజులు చాలా ఉన్నాయి. ఆయన ఆలోచనను కళ్ళతో చూసింది ఆ రోజే.

మర్నాడు నీహారిక ఇంట్లో పని తిరిగి చెప్పాను. “నాలుగింటికి అందరు కూసుంటరు. జర్మనోళ్ళకు ఒక దిక్కు, మనోళ్ళకు ఒక దిక్కు. ఆ దిక్కు బిర్యానితోటి వైను, ఈ దిక్కు మజ్జిగ...”

“ఆగు,” అన్నాడు మా ఆయన. “ఒక్క పెండ్లికి రెండు దిక్కులేంది? మనోళ్ళల్ల తాగెటోడు ఎప్పుడు తాగుతడు? అన్నం ముంగట. అన్నం వడ్డించినంక గ్లాసు ముడ్తడా? ముట్టడు. వీళ్ళేమో అన్నం వచ్చెదాంక సీసా మూత తియ్యరు. నువ్వు అన్నంతోటి పెడితే మనోళ్ళు తాగరు, సారు లేస్తడు, పెద్దాయన మొకం మాడుతది.”

“అయితే?”

“వైనుకు దాని తిండి దానికి పెడదాం.”

అదే చేశాం. మూడింటికి తోటలో నిలబడి వైను. దానితో వట్టి పల్లీలు కాదు, నిలబడి తినే నిండు భోజనం: గుడాలు, చేప వేపుడు, మిర్చి, మటన్ వేపుడు. గంట తర్వాత ప్రతి గ్లాసూ ఎత్తేసి, బల్లలు తుడిచి, విస్తళ్ళు వేయడం. నీహారిక యోనాస్‌కు చెప్పింది, యోనాస్ తండ్రికి చెప్పాడు. సరేనన్నాడని కబురు వచ్చింది. నేను పోయి ఆ పెద్దాయనకే తిరిగి చెప్పాల్సింది. నా జర్మన్‌కు నాకే సిగ్గేసి ఊరుకున్నాను.

రిసెప్షన్ రోజు మూడు నుంచి నాలుగు దాకా అనుకున్నట్టే నడిచింది. నరహరి సారు ఆ గంటా తోట చివర తీగలు చూస్తూ తిరిగాడు. నాలుగింటికి గ్లాసులన్నీ నేనే లెక్కపెట్టి లోపల పెట్టించాను. పంక్తి కూర్చుంది. పప్పన్నం, బిర్యానీ అయి బక్షాలు, అదే బొబ్బట్లు, వడ్డిస్తున్నాం. అప్పుడు నేలమాళిగ తలుపు తెరుచుకుంది. హైన్లె గారు ఒక చేత సీసా, మరో చేత రెండు గ్లాసులతో తిన్నగా సారు విస్తరి వైపు వస్తున్నాడు. భోజనం మధ్యలో వియ్యంకుడితో గ్లాసు తాకించి పిల్లల్ని దీవించడం వాళ్ళ ఆచారం. అది ఆయన లెక్కలో వైను తాగడం కాదు, కాబట్టి ఎవరికీ చెప్పలేదు. ఎవరూ అడగలేదు.

సారు చూశాడు. కుడిచేయి అన్నంలో ఉంది. ఎడమచేయి బల్ల మీద ఆనించి లేవబోయాడు. నీహారిక ముఖం చూడలేక నేను వంటగది వైపు తిరిగాను. మా ఆయన అప్పటికే బయట ఉన్నాడు. పరుగెత్తడం నేను చూసింది అదొక్కసారే.

హైన్లె గారి చేతిలోంచి గ్లాసులు తీసుకుని నాకిచ్చాడు. సీసా తీసుకుని బల్లకాలు పక్కన నేల మీద పెట్టాడు. ఖాళీ అయిన ఆ చేతుల్లో బల్ల మీది నెయ్యి గిన్నె, గరిటె పెట్టి సారు విస్తరి చూపించాడు. “బిట్టె,” అన్నాడు, దయచేసి అని. ఆయనకొచ్చిన జర్మన్‌లో సగం అదే.

హైన్లె గారు ఒక్క క్షణం ఆగి, వంగి, బక్షం మీద నెయ్యి పోశాడు. వియ్యంకుడు స్వయంగా వడ్డిస్తుంటే లేచే మనిషి మనలో ఎవరున్నారు? సారు మెల్లగా కూర్చున్నాడు.

“చాలు, చాలు,” అని విస్తరి మీద చేయి అడ్డం పెట్టాడు. అడ్డం పెడితే ఆపాలని హైన్లె గారికేం తెలుసు? చేతి మీదా పోశాడు.

“ఇయ్యంకుడు వడ్డిస్తె వద్దనరాదు సారూ, చెయ్యి నాకుండ్రి!” అని అరిచాడు వెనక నుంచి నీహారిక మేనమామ. పంక్తి పంక్తంతా నవ్వింది. చివరికి సారూ నవ్వాడు.

చేతులు కడుక్కున్నాక సారు తిరిగి బల్ల దగ్గరకు వచ్చాడు. నేల మీది సీసాను తానే వంగి తీశాడు. కండువాతో దుమ్ము తుడిచి, రెండు చేతులతో హైన్లె గారికి అందించాడు.

ఆ సాయంత్రం సామాను బండికెక్కిస్తూ, పెద్దాయనకు తిరిగి చెప్పకపోవడం నా తప్పేనని ఒప్పుకున్నాను. “తెలిసింది గద, ఇగ పోనీ,” అన్నాడు మా ఆయన. మళ్ళీ ఎన్నడూ ఎత్తిపొడవలేదు.

ఈ పనిలోకి వచ్చే పిల్లలకు నేను చెప్పగలిగేది ఒకటే. పని అప్పజెప్పిన వాళ్ళకే కాదు, ఆ పనిలో చేయి పెట్టే ప్రతి మనిషికీ తిరిగి చెప్పండి. భాష రాకపోతే వచ్చినంతలో చెప్పండి. వాళ్ళకు చెప్పేంత పెద్దదిగా తోచని సంగతే మన పంక్తిని లేపుతుంది.

రాశావా, కీర్తనా? ఏదీ, మొదటి నుంచి చదువు బిడ్డా. ఏం విడిచిపెట్టానో వింటాను.