సూర్యాపేట నుంచి ఏడ్చుకుంటూ వచ్చిన పిల్ల

అభిమాన రచయితను చూడడానికి ఊళ్ళు తిరిగేవాళ్ళంటే నాకిప్పుడు జాలి. నేనూ ఒకసారి తిరిగాను.

అప్పుడు సూర్యాపేటలో డిగ్రీ చివరి సంవత్సరం చదువుతున్నాను. అమ్మ ఆత్మకూర్ (ఎస్) బడిలో టీచర్. నాకు ఒక రచయిత పిచ్చి పట్టింది. నాట్లు వేసే ఒక ఆడమనిషి గురించి ఆయన కథ రాశాడు. బురదలో నిలబడి, వంచిన నడుము ఎత్తకుండానే, గట్టు మీది ఆసామికి ఆమె జవాబు చెబుతుంది. త్రిపురారం పొలాల్లో అమ్మమ్మ నాట్లు వేస్తుంటే చూసినదాన్ని కాబట్టి, ఇంత నిజం రాసినవాడు గొప్ప మనసున్న మనిషే అయి ఉంటాడని తీర్మానించుకున్నాను. ఆ వయసులో బుర్ర అలాగే పనిచేస్తుంది.

ఒక ఆదివారం కోదాడలో ఆయన సభ ఉందని తెలిసింది. అమ్మ వద్దంది.

"కథ సదివినవ్ గదా. ఇగ మనిషితోటి ఏం పని?"

"ఒక్కసారి సూసొస్తనమ్మా."

"సూస్తె ఏముంటది? కండువా ఉంటది, కళ్ళజోడు ఉంటది. ప్రార్థన ఎగ్గొట్టి పోయేటంత ముచ్చట కాదు."

పోతానని మొండిగా చెప్పాను. అమ్మ చర్చికి వెళ్ళిపోయింది. నేను కోదాడ బస్సెక్కాను.

ఫంక్షన్ హాల్లో ఫ్లెక్సీ మీద రచయిత ఉన్నాడు, వేదిక మీద లేడు. ఆయన కోసం తెచ్చిన శాలువాలు వృథా పోకూడదని కాబోలు, వేదిక మీదివాళ్ళు ఒకరికొకరు కప్పుకుంటున్నారు. కింద చప్పట్లు కొట్టేవాళ్ళంతా తమ వంతు కోసం కాచుకున్నవాళ్ళే. చివరికి నిర్వాహకుణ్ణి అడిగాను.

"సార్ గారు రావట్లేదమ్మా. మిర్యాలగూడలో ఒక మిల్లు ఓనరు గారింట్లో దిగారు. ఎండ ఎక్కువగా ఉంది, ప్రయాణం చెయ్యలేనన్నారు," అన్నాడాయన.

ఎండలో వంగిన నడుముల గురించి రాసిన మనిషికి ఏసీ కారు ప్రయాణం కష్టమైంది. అక్కణ్ణుంచే తిరిగి వచ్చేస్తే నాకు కొంత తెలివి ఉన్నట్టు లెక్క. నేను హుజూర్‌నగర్ మీదుగా మిర్యాలగూడ బస్సెక్కాను.

ఆ మిల్లు యజమాని కవిత్వం రాశాడు. దానికి ముందుమాట రాయించుకోవడానికి రచయితను ఇంట్లో పెట్టుకుని మేపుతున్నాడు. పాపం, మంచివాడే. నన్ను లోపలికి పిలిచి మజ్జిగ ఇప్పించాడు. రచయిత సోఫాలో కాళ్ళు చాపుకుని మాంసం ముక్క నములుతున్నాడు.

"మీ నాట్ల కథ చాలా ఇష్టం సార్," అన్నాను.

"ఓ, అదా. పాతది. అందరూ దాన్నే పట్టుకు వేలాడతారు. నా కొత్త నవల చదవలేదా?"

చదవలేదన్నాను. ముఖం చిట్లించి, తనకు రావలసిన అవార్డు ఎవరెవరికి వచ్చిందో చెప్పడం మొదలుపెట్టాడు. అందులో ఒక్కరు కూడా రాయడం చేతనైనవాళ్ళు లేరట. సందు దొరికినప్పుడు, ఆ కథలోని ఆమెను ఎక్కడ చూశారని అడిగాను.

"రచయిత అంత దగ్గరికి వెళ్ళి చూడక్కర్లేదమ్మాయ్. కారు అద్దంలోంచి చూసినా చాలు."

మిల్లు యజమాని తల ఊపాడు. ఆ మాట ఆయన తర్వాతి కవితలోకి వెళ్ళే ఉంటుంది.

"ఇంట్లో చెప్పి వచ్చావా?" అన్నాడు రచయిత.

"చెప్పిన సార్. మా అమ్మ ఒద్దని చర్చికి పోయింది."

అప్పుడు మొదటిసారి కంచంలోంచి తలెత్తి నన్ను చూశాడు. "వద్దన్నా వచ్చావా? చూశారా," అన్నాడు మిల్లు యజమాని వైపు తిరిగి. ఎందుకు వద్దన్నదో అడగలేదు. నన్ను పక్కన నిలబెట్టి ఫొటో తీయించుకున్నాడు.

ఆయన రాసిన పోస్టుతో ఆ ఫొటో ఫేస్‌బుక్‌లో వచ్చింది. మతం మత్తులో మునిగిన, అక్షరం ముక్క రాని ఒక తల్లి కూతురి పుస్తకాలను పొయ్యిలో వేసిందట. ఆ పిల్ల చెప్పులు కూడా లేకుండా సూర్యాపేట నుంచి ఏడ్చుకుంటూ వచ్చి ఆయన పాదాల మీద పడిందట. పక్కనున్న ఫొటోలో నేను పళ్ళు కనపడేలా నవ్వుతున్నాను. అయినా కింద వందలమంది దండాలు పెట్టి కన్నీళ్ళు కార్చారు. ఇంతమంది కళ్ళుండి చూడలేదే అనుకున్నాను.

తోటి టీచర్ ఒకామె దాన్ని అమ్మకు చూపించింది. సాయంత్రం అమ్మ ఇంటికి వచ్చింది. "ఆయన నంబర్ పట్టు," అంది అంతే. కోదాడ నిర్వాహకుణ్ణి అడిగి తెప్పించాను. స్పీకర్ పెట్టి చేసింది.

"సార్, నేను మీ పోస్టుల ఉన్న తల్లిని. అక్షరం ముక్క రానిదాన్ని. బడిల పిల్లలకు తెలుగు చెప్త."

"అమ్మా, అది కల్పన. మీ గురించి కాదు," అన్నాడు.

"కల్పనైతె నా బిడ్డ ఫొటో ఎందుకు పెట్టిన్రు?"

"రచయితకు కొంత స్వేచ్ఛ ఉండాలి కదమ్మా."

"ఉండాలె సార్. ఆ స్వేచ్ఛ మీ అమ్మ మీద రాసి సూపియ్యున్రి."

ఫోన్ కట్ చేశాడు. తెల్లారేసరికి ఫొటో పోయింది, పోస్టు మాత్రం ఉంది. ఒక్క చోట దిద్దాడు. అక్షరం ముక్క రాని తల్లి అరకొర చదువుల తల్లి అయింది.

"జర పాసైన," అంది అమ్మ, చాయ్ వడపోస్తూ.

తర్వాత ఒక సెలవు రోజున ఆయన కథల పుస్తకం ఇమ్మని అడిగింది. వద్దన్నా వినలేదు. మధ్యాహ్నమంతా మంచం మీద పడుకుని నాట్ల కథ చదివింది. చదివి, మళ్ళీ మొదటికి తిప్పి ఇంకోసారి చదివింది.

"కథ మంచిగున్నది," అంది, ఇష్టం లేకుండానే. "గిది ఆయననే రాసిండా?"

"ఆయనే."

"ఎవలన్న చెప్తె రాసుకున్నడేమో," అని పుస్తకం నా చేతికిచ్చింది.

నాకూ అలాగే నమ్మాలని ఉంది. కానీ రాసింది ఆయనే, అదే నాకు మింగుడుపడదు.